వికలాంగ కళాకారులతో చిత్ర ప్రదర్శన: ఎంట్రీల పిలుపు నుంచి ప్రారంభం రోజు దాకా

ప్రదర్శన పెట్టేవాళ్లలో చాలామందికి ర్యాంపు సంగతి ఆఖరి వారంలో గుర్తొస్తుంది. అప్పటికి బొమ్మల ఎత్తులు ఖాయమైపోతాయి, లేబుళ్లు అచ్చుకు వెళ్లిపోతాయి, డబ్బూ అయిపోతుంది. ఆ ర్యాంపు కూడా చూడ్డానికి వచ్చేవాళ్ల కోసమే వేస్తారు. బొమ్మ వేసిన మనిషి లోపలికి ఎలా వస్తారు, వేదిక ఎలా ఎక్కుతారు అన్నది ఎవరికీ తట్టదు. అందుకే ఇక్కడ కళాకారుల వైపు నుంచే మొదలుపెడుతున్నాం.

ఎంట్రీలు పిలిచేటప్పుడు

దరఖాస్తు ఫారాన్ని స్కాన్ చేసిన బొమ్మగా పెట్టకండి, స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాల్ని చూపులేనివారికి పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) దాన్ని చదవలేదు. డీటీపీలో వాడే పాత నాన్‌యూనికోడ్ ఫాంట్లతో టైపు చేసిన తెలుగు ఫైలుదీ అదే గతి. కంటికి చక్కగా కనిపిస్తుంది గానీ, స్క్రీన్ రీడర్‌లో అర్థంలేని అక్షరాలుగా వినిపిస్తుంది. యూనికోడ్‌లో టైపు చేసిన మామూలు వెబ్ ఫారం చాలు. రాయడం కష్టమైనవాళ్లు తమ పని గురించి ఆడియోలోనో, సైగల భాషలో వీడియోగానో చెప్పుకునే వీలుండాలి. గడువు కనీసం ఆరు వారాలైనా ఇవ్వండి. ఫొటోలు తీయించడానికి, ఫారం నింపడానికి సహాయకుల మీద ఆధారపడేవాళ్లకు రెండు వారాలు ఏ మూలకూ చాలవు.

ఎంపికైనవాళ్లను అడగాల్సింది వైకల్య ధ్రువపత్రం కాదు, ఒకే ఒక్క ప్రశ్న: ‘ఈ పని హాయిగా చేయడానికి మీకు ఏమేం కావాలి?’ ఈ జవాబును ఒకటి రెండు పేజీల్లో రాసిపెట్టుకునే పత్రాన్ని యాక్సెస్ రైడర్ అంటారు. చాలామంది కళాకారుల దగ్గర ఇది ముందే సిద్ధంగా ఉంటుంది. లేనివాళ్లకు ఖాళీ నమూనా పంపండి. అందులో ఇవి ఉండాలి: ఫోనా, మెసేజా, ఏది అనుకూలం, ప్రయాణంలో తోడు ఎవరు, ఎంతసేపటికి ఒకసారి విశ్రాంతి, వీల్‌చైర్ వెడల్పు, బరువు, టాయిలెట్‌లో ఏం కావాలి, వెలుతురు, శబ్దం ఇబ్బంది పెడతాయా, తన వైకల్యం గురించి బయటికి చెప్పాలా వద్దా, చెబితే ఏ మాటల్లో.

ఆ పత్రాన్ని ఒప్పందానికి జతచేయండి. ఖర్చును బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు కింద చూపండి. సహాయకుడి టికెట్, బస, దుభాషి రుసుము కళాకారుల పారితోషికంలోంచి కోసేస్తే, వాళ్లు తక్కువ డబ్బుకు ఎక్కువ పని చేసినట్టే లెక్క.

హాలు కొలవడం

ర్యాంపు వాలు 1:12కు మించకూడదు. అంటే ఎత్తుకు పన్నెండింతలు పొడవు. 15 సెం.మీ. మెట్లు రెండుంటే ఎత్తు 30 సెం.మీ., ర్యాంపు 3.6 మీటర్లు కావాలి. చోటు లేదని మీటరున్నర చెక్క వేస్తే, ఎక్కేటప్పుడు వీల్‌చైర్ వెనక్కి తిరగబడుతుంది, దిగేటప్పుడు చేతికి అందదు. పైన 150 సెం.మీ. చదరపు సమతలం వదలండి. లేకపోతే తలుపు తీయడానికి ఆగిన మనిషి వెనక్కి జారతారు. తలుపు వెడల్పు చట్రానికి కాదు, తలుపు తీసి ఉంచి మధ్యలో మిగిలిన సందుకు కొలవాలి. అది 82 సెం.మీ.కు తగ్గకూడదు, 90 ఉంటే నిశ్చింత.

బొమ్మల మధ్యభాగాన్ని నేల నుంచి 145–150 సెం.మీ. ఎత్తున ఉంచడం గ్యాలరీల్లో అలవాటు. వీల్‌చైర్‌లో కూర్చున్నవారి కన్ను సుమారు 110–125 సెం.మీ. దగ్గరుంటుంది. 135 దగ్గర పెడితే నిలబడినవాళ్లకూ కూర్చున్నవాళ్లకూ కుదురుతుంది. చిన్న బొమ్మల్ని మాత్రం ఒకదాని మీద ఒకటి మూడు వరసల్లో ఎక్కించకండి, పై వరస ఎవరికో ఒకరికి పోయినట్టే. అద్దం ఉన్న చిత్రాల్ని మామూలు కుర్చీలో కూర్చుని చూసి తీరాలి. నిలబడితే కనిపించని పైలైటు మెరుపు, కూర్చుంటే సరిగ్గా ముఖం మీద పడుతుంది.

ఎక్కువమంది గమనించని ప్రమాదం ఒకటుంది. తెల్లకర్ర నేలను తడుముతుంది. గోడకున్న శిల్పమో, అరో, తెరో నేల నుంచి 70 సెం.మీ. పైన మొదలై 10 సెం.మీ. కన్నా ముందుకు పొడుచుకొస్తే కర్ర దాని కిందుగా దాటిపోతుంది, మనిషి ఛాతీయో ముఖమో దానికి తగులుతుంది. ఆ వస్తువు కింద అంతే వెడల్పున తక్కువ ఎత్తు దిమ్మె పెడితే కర్రకు అది ముందే తగులుతుంది.

కళాకారులు అక్కడే కూర్చుని బొమ్మ వేసి చూపించేటట్టయితే బల్ల కింద మోకాళ్లకు 70 సెం.మీ. ఖాళీ వదలాలి. అడ్డపట్టీ ఉన్న బల్ల పనికిరాదు. బొమ్మలు వేలాడదీసే పనిని రెండు రోజులకు పంచండి. ఆ రెండు రోజులూ నేల మీద వైర్లు, పెట్టెలు అడ్డం లేకుండా చూడండి, తన బొమ్మ ఎలా వేలాడుతోందో కళాకారులు దగ్గరికెళ్లి చూసుకోగలగాలి.

లేబుళ్లకు అక్షరం సైజు 18 పాయింట్లు కనీసం, నిగారింపు లేని కాగితం, ముదురు అక్షరం, లేత నేపథ్యం. తెలుగులో వరసల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లు ఉంచండి. తగ్గితే పై వరస వత్తులు కింది వరస గుడులతో కలిసిపోయి, చూపు తక్కువున్నవాళ్లకు మాట మారిపోతుంది.

ఆడియో వర్ణన

చూపులేనివారికి బొమ్మను మాటల్లో అందించే పని ఇది. ఈ మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదే. వరస ఇలా ఉంటే వినేవాళ్లకు తేలిక: పేరు, కళాకారులు, కొలత, మాధ్యమం, మొత్తం మీద ఏముంది, ఆ తర్వాత వివరాలు ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు. మధ్యలో అటూ ఇటూ గెంతకూడదు.

‘ఒంటరితనాన్ని అద్భుతంగా ఆవిష్కరించిన చిత్రం’ అంటే విన్నవాళ్లకు ఏమీ అందలేదు. ఇలా రాయండి: ‘రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పున్న నిలువు కాన్వాసు, ఆయిల్ రంగులు. కింది సగం ముదురు నీలం, పై సగం బూడిద రంగు. మధ్యకు కాస్త ఎడమగా ఖాళీ చెక్క కుర్చీ, వీపు మనవైపు ఉంది. కుడి అంచున తలుపు సందులోంచి సన్నని పసుపు వెలుగు కుర్చీ కాళ్ల దాకా పడుతోంది.’ ఒంటరితనమో ఎదురుచూపో వినేవాళ్లే తేల్చుకుంటారు. రంగుల పేర్లు వదిలేయకండి. చూపు మధ్యలో పోయినవాళ్లకు రంగులు గుర్తుంటాయి, కొద్దిగా చూపున్నవాళ్లు ఆ రంగును పట్టుకునే బొమ్మలో దారి వెతుక్కుంటారు.

ఒక్కో బొమ్మకు రెండు నిమిషాలు మించనివ్వకండి. రాసింది పైకి చదివి సమయం చూసుకోండి. రికార్డు చేసేముందు కళాకారులకు వినిపించి ఒప్పించుకోవాలి. ‘చేతులు లేకపోయినా’ అంటూ మొదలుపెట్టే వర్ణనను చించేయండి. కుంచె నోటితో పట్టడం వల్ల గీతకు ఒక తీరు వచ్చి ఉంటే, ఆ గీత గురించి చెప్పేటప్పుడు ఆ మాట చెప్పండి, అదీ కళాకారులు సరేనంటే. వర్ణన వినడానికి ఫోన్‌తో స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ చుట్టూ చేతికి తగిలే ఉబ్బెత్తు అంచు ఉండాలి, అన్ని లేబుళ్ల మీదా ఒకే మూలన ఉండాలి. లేకపోతే కనిపించని కోడ్‌ను ఎవరు వెతుక్కుంటారు?

తాకి చూసే బొమ్మ

ఇందుకు ఉబ్బే కాగితం చవకైన దారి. దాని మీద నల్లగా ముద్రించి వేడి యంత్రంలోంచి పంపితే నలుపు వేడిని పీల్చుకుని పైకి ఉబ్బుతుంది. వేడి ఎక్కువైతే తెల్లభాగమూ ఉబ్బి బొమ్మ చెదిరిపోతుంది, ముందు చిన్న ముక్క మీద చూసుకోండి.

ఫొటోను ఉన్నదున్నట్టు ముద్రిస్తే వేళ్లకు గజిబిజి తప్ప ఏమీ తెలియదు. నీడలు, దూరం చూపే గీతలు తీసేయండి. గీతకూ గీతకూ కనీసం 3 మి.మీ. ఎడం ఇవ్వండి, గరుకుల తేడాలు నాలుగు దాటనివ్వకండి. క్లిష్టమైన చిత్రానికి రెండు షీట్లు చేయండి: మొత్తం అమరికకు ఒకటి, ముఖ్యమైన భాగానికి ఒకటి. బ్రెయిలీని పెద్దదిగా చేయకూడదు, చుక్కల మధ్య దూరం మారితే వేలికి అక్షరం తెలియదు. ఈ షీట్లను గోడకు నిలువుగా అంటిస్తే తాకి చూసేవారికి మణికట్టు నొప్పెడుతుంది. 90–100 సెం.మీ. ఎత్తున వాలు పలకమీద పెట్టండి. అంటించాక బ్రెయిలీ చదివేవారితో ఒకసారి చదివించండి. తలకిందులుగా అంటించిన పలకలు చూపున్నవాళ్ల కంట పడవు.

ప్రారంభం రోజు

వేదికకు కూడా ర్యాంపు కావాలి. కళాకారుల్ని కిందే ఉంచి అతిథులు పైన కూర్చోవడం అవమానం. సభ గంట దాటితే సైగల భాష దుభాషులు ఇద్దరుండాలి, 20–30 నిమిషాలకు ఒకరి చోట ఇంకొకరు వస్తారు. ప్రసంగాలు, పేర్లు వాళ్లకు ముందే పంపండి. స్లైడ్ల కోసం లైట్లు ఆర్పినా దుభాషి ముఖం, చేతుల మీద వెలుతురు ఉండాలి. గొంతు పెద్దదన్న ధీమాతో మైకు పక్కన పెట్టేవాళ్లను ఆపండి. వీల్‌చైర్ ఖాళీలు ఆఖరి వరసలో ఒకేచోట కాకుండా అక్కడక్కడా వదలండి, పక్కన తోడువచ్చినవారికి కుర్చీ ఉండాలి. సెకనుకు మూడుసార్ల కన్నా ఎక్కువ మెరిసే లైట్లు, వీడియోలు వద్దు, మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.

వారం ముందు వేర్వేరు వైకల్యాలున్న ముగ్గురు నలుగుర్ని రుసుమిచ్చి పిలిచి హాలంతా తిరిగి చూడమనండి. పక్కనే నడుస్తూ దారి చెప్పకండి, ఎక్కడ ఆగారో రాసుకోండి. సరిచేయలేనివి మిగిలితే ఆహ్వానంలోనే రాసేయండి: లిఫ్టు లేదు, పై అంతస్తు బొమ్మలకు కింద ఆల్బమ్ ఉంది, టాయిలెట్ తలుపు 75 సెం.మీ. అని. సంప్రదించడానికి ఫోన్ నంబరుతో పాటు మెసేజ్ పంపే వీలూ ఇవ్వండి.