మయసభ అన్న మాట ఎక్కడ వాడాలి, ఎలా వాడాలి

ముందు స్పెల్లింగ్ సంగతి. మాయసభ కాదండి, మయసభ, మొదటి అక్షరానికి దీర్ఘం లేదు. మయుడనే దానవ శిల్పి కట్టిన సభ కాబట్టి మయసభ అయింది. మాయలు ఉన్నాయి కదా అని చాలామంది దీర్ఘం పెట్టేస్తుంటారు, దాంతో కట్టినవాడి పేరే ఎగిరిపోతుంది, నాకు బాధనిపించేది అక్కడే.

ఈ మాట సరిగ్గా వాడాలంటే కథ తెలియాలి. ఖాండవ వనం తగలబడుతున్నప్పుడు అర్జునుడు మయుడి ప్రాణం నిలబెట్టాడు, ఆ రుణం తీర్చుకోడానికి కృష్ణుడు చెప్పినట్టు ధర్మరాజుకి సభ కట్టిచ్చాడు, 14 నెలలు పట్టిందట. రాజసూయం అయ్యాక దుర్యోధనుడు అందులో తిరుగుతూ స్ఫటికం నేలని చూసి నీళ్లనుకుని బట్టలు ఎత్తిపట్టుకున్నాడు, తర్వాత నిజం నీళ్లని నేలనుకుని అడుగేసి పడిపోయాడు, మూసున్న స్ఫటికం తలుపు తెరిచుందనుకుని వెళ్లి నుదురు కొట్టుకున్నాడు. గమనించండి, అక్కడ నేలా నిజమే, నీళ్లూ నిజమే, తలుపూ నిజమే, ఒకటి ఇంకోదానిలా కనబడుతోంది, అంతే.

కాబట్టి చూడ్డానికి అద్భుతంగా ఉండి, కంటిని తికమక పెట్టే చోటుకే ఈ మాట వాడాలి. షాపింగ్ మాల్లో ఏది అద్దమో ఏది దారో తెలీకపోతే "మయసభలోకి వచ్చినట్టుంది" అనొచ్చు, చక్కగా అతుకుతుంది. ఉట్టి అందమే అయితే ఇంద్రభవనం చాలు. ఉత్త ఊహల్లో కట్టుకునేది గాలిమేడ, దగ్గరికెళ్లేకొద్దీ దూరం జరిగేది ఎండమావి, లోపలికెళ్లడమే తప్ప బయటపడే దారి తెలీనిది పద్మవ్యూహం. ఆకాశంలో ఊరులా కనిపించేదాన్ని గంధర్వనగరం అంటారు, అద్వైత గురువు గౌడపాదులు మాండూక్యోపనిషత్తుని వివరిస్తూ శ్లోకాల్లో రాసిన మాండూక్య కారికల్లో ఈ లోకాన్ని దాంతోనే పోల్చారు, ఎంత మంచి మాటో, ఇప్పుడు ఎవరూ వాడట్లేదు.

మనుషుల వ్యవహారాలకి కూడా మయసభ బాగా కుదురుతుంది. "ఆ ఆఫీసు ఒక మయసభరా, ఎవరు మనవాళ్లో ఎవరు కాదో ఏడాదైనా తెలీదు" అంటే వినేవాడికి ఇంకేం వివరించక్కర్లేదు.

ఒకరింటిని పొగిడేటప్పుడు మాత్రం కాస్త చూసుకుని వాడండి, ఎందుకంటే ఆ సభ పేరు చెప్పగానే పెద్దవాళ్లకి దుర్యోధనుడి అవమానం, దాని వెనకే జూదం, అన్నీ వరసగా గుర్తొచ్చేస్తాయి. మా అన్నయ్య గృహప్రవేశంలో పిన్ని "ఇల్లు మయసభలా కట్టావురా" అని నిజంగా మెచ్చుకునే అంది, వాడూ మురిసిపోయాడు, పక్కనే కూర్చున్న తాతయ్య మాత్రం వెంటనే "ఇంద్రభవనంలా ఉంది అనమ్మా, శుభమా అని ఇంట్లోకి వస్తున్నారు" అన్నాడు.