అరకు లైను కొండల్ని బల్ల మీదికి తెచ్చుకోవడం ఎలా?

మోడల్ రైలు తిరుగుతోంది గానీ ఎంతసేపు చూసినా ప్లైవుడ్ మీద పట్టాల్లాగే కనిపిస్తోందా? అయితే ముందు ఒక చోటు ఎంచుకోండి. నేను అరకు మీదుగా వెళ్లే కొత్తవలస-కిరండూల్ లైనులో బొర్రా గుహల దగ్గరి కొండ తీసుకున్నాను, స్కేలు హెచ్‌ఓ, అంటే అసలులో 87వ వంతు. ఈ లెక్క మరచిపోవద్దు: పది మీటర్ల చెట్టు పదకొండున్నర సెంటీమీటర్లు, మనిషి రెండు సెంటీమీటర్ల లోపే.

కొండకు థర్మోకోల్ షీట్లు ఒకదానిమీద ఒకటి అంటించి చాకుతో చెక్కండి. సొరంగం మూసేముందు మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన రైలు పెట్టెను లోపల నడిపి చూడాలి, ఎందుకంటే మలుపులో పెట్టె మధ్యభాగం లోపలికి, చివర్లు బయటికి వస్తాయి. తర్వాత పట్టాల మీద టేపు వేసి, పాత నూలు పంచె ముక్కలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి కప్పేయండి. ఆరాక నీళ్ల రంగులే వాడండి, స్ప్రే పెయింట్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. ముందు మట్టి రంగు, పచ్చదనం ఆ తర్వాతే.

ఇక కంకర. నా మాట నమ్మండి, లేఅవుట్‌కి, అంటే బల్ల మీది ఈ మొత్తం అమరికకి, ప్రాణం ఇక్కడే ఉంది, తొందరపడకండి. సన్నటి ఇసుకను టీ వడకట్టే జల్లెడలో జల్లించి కాగితం మీద పోసి, అడుగున అయస్కాంతం తిప్పండి. నేను భీమిలి ఇసుకతో చేసినప్పుడు నల్ల రేణువులు మీసాల్లా లేచి నిలబడ్డాయి, అవి ఇంజను మోటారులోకి వెళ్తే అంతే సంగతులు. మిగిలిన ఇసుకను స్లీపర్ల (పట్టాల కింది అడ్డ దిమ్మెల) మధ్య మెత్తటి బ్రష్‌తో సర్ది, నీళ్లు తుంపరగా చల్లి, ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి డ్రాపర్‌తో వదలండి. సబ్బు లేకపోతే జిగురు ఇంకకుండా ముత్యంలా పైనే నిలుస్తుంది. పాయింట్లు, అంటే బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే ముక్కలు, కదిలే చోట మాత్రం చుక్క కూడా పడకూడదు. రాత్రంతా ఆరనివ్వండి.

ఈ లైను మీద ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖకు వెళ్తుంది కాబట్టి కంకర బూడిద రంగులో వదిలేస్తే అబద్ధంగా ఉంటుంది, ఎర్రమన్ను పొడి పలచగా రుద్దండి, పట్టాల పక్కలకు తుప్పు రంగు వేయండి.

చెట్లకు పాత కరెంటు వైరులోని రాగి తీగలు మెలిపెట్టి, మిక్సీలో పొడి చేసిన స్పాంజికి రంగు వేసి జిగురుతో అద్దితే చాలు. ఒకే ఆకుపచ్చ వద్దు, మూడు నాలుగు ఛాయలు కలపండి.

చివరగా పట్టాల పైభాగం గుడ్డతో శుభ్రంగా తుడిచి, గూడ్సు బండిని నెమ్మదిగా సొరంగంలోంచి బయటికి వదలండి.