చెప్పిన మాట చేరడం లేదా? లక్షణం, కారణం, పరిష్కారం

మాట సరిగా చేరలేదని తెలిసినప్పుడు చాలామంది అదే మాటను మరింత గట్టిగా, మరింత సుదీర్ఘంగా మళ్లీ చెబుతారు. లోపం వినికిడిలో ఉంటే తప్ప దీనివల్ల ప్రయోజనం ఉండదు. అందువల్ల లక్షణాన్ని బట్టి లోపం ఎక్కడుందో ముందుగా తేల్చుకోవాలి.

లక్షణం: ‘అర్థమైంది’ అన్నారు, పని మాత్రం వేరేలా జరిగింది

తరచుగా ఎదురయ్యేదీ, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. దీన్ని వినేవారి అశ్రద్ధగా భావించడం పరిపాటి, కానీ చాలా సందర్భాల్లో కారణం చెప్పేవారి దగ్గరే ఉంటుంది. తనకు బాగా తెలిసిన విషయం తెలియనివారికి ఎలా వినిపిస్తుందో ఊహించడం ఎవరికైనా కష్టమే. 1990లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ జరిపిన ప్రయోగంలో కొందరు బాగా ప్రచారంలో ఉన్న పాటల లయను బల్లపై వేళ్లతో తట్టి వినిపించగా, మరికొందరు ఆ పాటలేవో చెప్పవలసి వచ్చింది. సగం పాటలను పోల్చుకుంటారని తట్టినవారు అంచనా వేశారు. విన్నవారు 120 పాటల్లో పోల్చుకోగలిగినవి 3 మాత్రమే. తట్టేవారి మనసులో పాట మొత్తం నడుస్తూ ఉంటుంది, అవతలివారికి అందేది చప్పుడే.

పరిష్కారం: ‘అర్థమైందా?’ అని అడగడం మానాలి. ఆ ప్రశ్నకు మర్యాదగా ఇవ్వగల జవాబు ఒక్కటే కాబట్టి దానివల్ల ఏమీ తేలదు. ‘నేను సరిగా చెప్పానో లేదో చూసుకుంటాను, ముందుగా ఏం చేయబోతున్నారో మీ మాటల్లో చెప్పండి’ అని అడిగితే, వినేవారికి పరీక్ష పెట్టినట్టు అనిపించదు, స్పష్టత లేకపోతే ఆ బాధ్యత చెప్పినవారిదే అవుతుంది. మందులు ఎలా వాడాలో రోగి చేత వైద్యులు తిరిగి చెప్పించుకోవడం ఈ పద్ధతే. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో రెండు విమానాలు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించారు. టేకాఫ్‌కు అనుమతి లేకుండానే కదిలిన విమానం నుంచి వచ్చిన అస్పష్టమైన మాటకు కంట్రోల్ టవర్ మొదట ఇచ్చిన జవాబు ‘ఓకే’. వెంటనే చెప్పిన ‘ఆగండి’ అన్న సూచన, రెండో విమానం అదే క్షణంలో మాట్లాడటంతో స్పష్టంగా చేరలేదు. కీలకమైన సూచనకు ‘ఓకే’ అనడం చాలదని, దాన్ని తిరిగి చెప్పి వినిపించాలని ఆ తర్వాత పట్టుదల పెరిగింది.

లక్షణం: ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, సమస్య మాత్రం చివర్లో బయటపడింది

ఇక్కడ కారణం హోదా, దానితో వచ్చే జంకు. చిన్న స్థానంలో ఉన్నవారు ప్రమాదాన్ని కూడా విన్నపంలా చెబుతారు. 1990 జనవరి 25న న్యూయార్క్ సమీపంలో కూలిపోయిన, కొలంబియా సంస్థ ఏవియాంకాకు చెందిన 52వ నంబరు విమానం సిబ్బంది ఇంధనం అయిపోతోందని చెప్పారు, ప్రాధాన్యం ఇవ్వమని కోరారు, కానీ అత్యవసర పరిస్థితిని ప్రకటించలేదు. 158 మందిలో 73 మంది మరణించారు.

పెద్దలు తమ అభిప్రాయాన్ని చివర్లో చెప్పడం, ‘ఏమైనా సందేహాలున్నాయా?’ అనడానికి బదులు ‘ఇందులో ముందుగా దెబ్బతినేది ఏది?’ అని అడగడం మేలు. చెప్పేవారు కూడా సమస్య ఏమిటి, దానివల్ల ఏమవుతుంది, ఎప్పటిలోగా ఏం కావాలి అనే మూడింటినీ సూటిగా చెప్పాలి. మర్యాద గొంతులో ఉంటే చాలు, విషయాన్ని పలచన చేయనక్కరలేదు.

లక్షణం: మామూలుగా రాసిన సందేశాన్ని కోపంగా చదువుకున్నారు

రాతలో గొంతు ఉండదు, రాసేవారికి మాత్రం తమ గొంతు వినిపిస్తూనే ఉంటుంది. విమర్శ, తిరస్కరణ, వ్యంగ్యం వంటివాటిని ఫోన్‌లోనో ఎదురుగానో చెప్పాలి. రాయక తప్పకపోతే కారణాన్ని ముందు రాయాలి. భావప్రసారంలో మాటల పాలు 7 శాతమేనని, మిగతాదంతా గొంతు, హావభావాలదేనని చాలా శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు, దాన్ని నమ్మనక్కరలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన ఆ అంకెలు ఇష్టాయిష్టాలను వ్యక్తం చేసే సందర్భానికి చెందినవే తప్ప అన్ని రకాల సంభాషణలకూ కాదు.

లక్షణం: చెప్పినవాటిలో కొన్ని జారిపోయాయి, లేదా కొలతలు తేడా వచ్చాయి

ఒకేసారి మనసులో నిలిచేవి నాలుగైదు అంశాలే కనుక మిగిలినవి రాసి ఇవ్వాలి. ‘త్వరగా’, ‘కొంచెం’ వంటి మాటలకు బదులు తేదీ, అంకె, ప్రమాణం చెప్పాలి. 1999లో నాసా అంగారక గ్రహానికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ వ్యోమనౌకను కోల్పోవడానికి కారణం, పౌండ్ కొలతలో ఉన్న అంకెలను మెట్రిక్ కొలతలుగా స్వీకరించడమే.

ఇవన్నీ చేసినా మార్పు లేకపోతే

మీ వాదనను అవతలివారు మీరు ఒప్పుకునేంత సరిగా తిరిగి చెప్పగలరేమో చూడండి. చెప్పగలిగి కూడా అంగీకరించకపోతే, మాట చేరినట్టే, అక్కడున్నది అభిప్రాయభేదం. ఇంకా వివరిస్తూ పోతే విసుగు పెరుగుతుంది కనుక, వివరణ ఆపి, ఎవరికి ఏది ఎందుకు ముఖ్యమో, ఎవరు ఎంతవరకు తగ్గగలరో మాట్లాడుకోవాలి.