పర్లాకిమిడిలో ఇల్లు కడుతున్నారా? ఆర్కిటెక్ట్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు

వానలు తగ్గాయి, కార్తీకంలో శంకుస్థాపనలు మొదలవుతాయి. ఈలోపు ఇవి చూసుకోండి.

రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ‘సీఏ’, తర్వాత ఏడాది, వరుస సంఖ్య ఉంటాయి. మనవాళ్లే కదా అని మొహమాటపడొద్దు. ఆర్కిటెక్ట్‌లను రిజిస్టర్ చేసే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్‌లో పేరు సరిచూడండి. 1972 ఆర్కిటెక్ట్‌ల చట్టం ప్రకారం రిజిస్టర్ కానివాళ్లు ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టకూడదు. అలాంటివాళ్ల చేతిలో డబ్బు పోతే కౌన్సిల్ క్రమశిక్షణ చర్యకు దారే ఉండదు.

రెన్యువల్ అయిందా? అదీ చూడండి.

శ్రీకాకుళం ఆర్కిటెక్ట్ అయినా ఫర్వాలేదు, రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. పర్లాకిమిడి ఒడిశాలో ఉంది కాబట్టి ప్లాన్ మాత్రం ఒడిశా నిబంధనలకే గీయించండి. ఆంధ్ర సెట్‌బ్యాక్‌లతో (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం) ఇస్తే వెనక్కి రావచ్చు.

ఫీజు, సైట్‌కు ఎన్నిసార్లు వస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. వృత్తిపరమైన తప్పు మీద ఫిర్యాదు వెళ్లేది ఢిల్లీలోని కౌన్సిల్‌కి. నోటిమాట అక్కడ నిలబడదు.