లాయరుకు ఇచ్చే డబ్బు లేదా? ఉచిత న్యాయ సహాయం ఇలా అడగండి

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ ఓ రోజు బట్టల మూటతో పాటు ఒక కాగితం తెచ్చి చూపించింది. కోర్టు సమను. భర్త విడాకులకు వేశాడు. వాయిదా ఇంకా నాలుగు రోజులే ఉంది. సమను వచ్చి మాత్రం మూడు వారాలైంది. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావమ్మా అంటే, "లాయరు పదిహేను వేలు అడిగాడండీ, చీటీ పాడుకున్నాక కడదామనుకున్నా" అంది.

ఆ పదిహేను వేలు ఆవిడకు అక్కర్లేదు. ఆడమనిషి కావడమే చాలు.

మీరు అర్హులేనా?

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులు, వరదలో కరువులో నష్టపోయినవాళ్లు, మనుషుల అక్రమ రవాణాకు బలైనవాళ్లు, కస్టడీలో ఉన్నవాళ్లు ఉచిత లాయరును అడగొచ్చు. వీళ్లకు ఆదాయంతో పని లేదు. మిగతావాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉండాలి. దానికి కూడా మీ ఆదాయం ఇంత అని అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇస్తే, అనుమానించడానికి కారణం లేనప్పుడు అదే సరిపోతుందని చట్టంలో ఉంది. కాబట్టి ఇన్‌కమ్ సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగుదామని మీసేవ చుట్టూ తిరుగుతూ వాయిదా పోగొట్టుకోకండి.

ఎక్కడికి వెళ్లాలి?

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. "లీగల్ ఎయిడ్ ఆఫీసు ఎక్కడ?" అని అడిగితే కోర్టు బయట టీకొట్టు అతను కూడా చూపిస్తాడు. చిన్న ఊళ్లలోనైతే అక్కడి కోర్టులోనే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. కదల్లేనివాళ్లు 15100కి ఫోన్ చేయొచ్చు, కాల్ ఉచితం.

అర్జీ రాయడం

తెల్లకాగితం చాలు, తెలుగు చాలు. ఇస్త్రీ బండి ఆవిడ కోసం మేం రాసింది దాదాపు ఇలా ఉంది:

"మండల న్యాయ సేవాధికార కమిటీ చైర్మన్ గారికి. అయ్యా, నా భర్త నా మీద సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో విడాకుల కేసు వేశారు. కేసు నంబరు ఇది. వాయిదా ఫలానా తేదీన ఉంది. నేను ఇస్త్రీ పని చేసుకుని బతుకుతున్నాను. లాయరును పెట్టుకునే స్తోమత లేదు. నా తరఫున వాదించడానికి ఉచితంగా న్యాయవాదిని ఇప్పించమని కోరుతున్నాను."

కింద పేరు, చిరునామా, ఫోన్ నంబరు, సంతకం. జతగా సమను జిరాక్స్, ఆధార్ జిరాక్స్. ఎస్సీ ఎస్టీలైతే కుల ధ్రువపత్రం, వికలాంగులైతే సదరం సర్టిఫికెట్ కూడా పెట్టండి. పెళ్లి ఎప్పుడైంది, ఎవరు ఎవర్ని కొట్టారు, అత్తగారు ఏమంది అన్నదంతా ఇందులో రాయక్కర్లేదు, అది లాయరుకు చెప్పుకోవాల్సిన సంగతి. చదువు రానివాళ్లు నోటితో చెబితే ఆఫీసులోనే రాసుకుని వేలిముద్ర వేయిస్తారు.

మాకు చిక్కు వచ్చింది కేసు నంబరు దగ్గర. ఆవిడ సమనును నాలుగు మడతలు పెట్టి చేతి పర్సులో దాచుకుంది. మడత సరిగ్గా నంబరు మీదే పడి అంకెలు చెరిగిపోయాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కోర్టును ఎంచుకుని, పేరు, సంవత్సరం కొట్టి వెతికితే దొరికింది. మీరు మాత్రం సమను అందిన రోజే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఈ ఒక్క పనికి మొహమాటపడకండి. నిబంధనల ప్రకారం అర్జీ అందిన 7 రోజుల్లోపు నిర్ణయం చెప్పాలి. ముద్ర ఉంటేనే ఆ 7 రోజులూ లెక్కపెట్టి అడగగలరు.

ఈలోగా వాయిదా వస్తే?

ఇంకా లాయరును ఇవ్వలేదు కదా అని ఇంట్లో కూర్చోవద్దు. మీరు రాకపోతే ఎక్స్‌పార్టీ చేసి, అంటే మీరు లేకుండానే, కేసు ముందుకు నడిపేస్తారు. ఉదయం పదిన్నరకల్లా కోర్టు హాలు దగ్గర ఉండండి. పేరు పిలవగానే ముందుకెళ్లి, "లీగల్ ఎయిడ్‌కు అర్జీ పెట్టుకున్నానండీ, టైమ్ ఇవ్వండి" అని ముద్ర ఉన్న కాపీ చూపించండి. ఆవిడ టెన్షన్‌తో రెండుసార్లు తడబడింది. జడ్జి గారు కాగితం చూసి మరో తేదీ ఇచ్చారు, అంతే.

లాయరు వచ్చాక

కోర్టు ఫీజు, టైపింగు, సర్టిఫైడ్ కాపీల ఖర్చు కూడా సహాయంలో భాగమే. ప్యానెల్ లాయరు, అంటే సంస్థ మీకిచ్చిన లాయరు, మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. "స్టాంపులకు రెండు వేలు ఇవ్వమ్మా" అని గుమాస్తా అడిగినా ఇవ్వకుండా, సంస్థ కార్యదర్శికి కాగితం మీద రాసి ఇవ్వండి. లాయరు సరిగ్గా పట్టించుకోకపోతే మార్చమని కూడా అడగొచ్చు. ఉచితం కాబట్టి నాసిరకంగానే ఉంటుందని చాలామంది అంటారు. నేను చూసినంతలో బాగా చేసేవాళ్లూ ఉన్నారు, ఫోన్ ఎత్తనివాళ్లూ ఉన్నారు. ఫీజు తీసుకునే లాయర్లలోనూ ఈ రెండు రకాలూ ఉన్నారు.

మీవాళ్లను ఎవరినైనా అరెస్టు చేస్తే, రిమాండ్‌కు మేజిస్ట్రేట్ ముందుకు తెచ్చినప్పుడే ఉచిత లాయరు కావాలని చెప్పమనండి.

రాజీ పడాలనుకుంటే

ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కు ఫీజు లేదు. కోర్టులో నడుస్తున్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కిస్తారు. కానీ అక్కడ ఇచ్చే అవార్డు (రాజీ షరతులు రాసిన ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో, సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే సంతకం పెట్టే ముందు ఎంత ఇస్తారు, ఏ తేదీకి ఇస్తారు, ఇవ్వకపోతే ఏమిటి అన్న మూడూ కాగితంలో ఉన్నాయో లేదో ఎవరితోనైనా గట్టిగా చదివించుకుని వినండి. "తర్వాత చూసుకుందాంలే" అని నోటితో ఇచ్చిన మాట అవార్డులోకి రాదు.