సుడిదోమకు మందు కొట్టే ముందు సాలీళ్లను లెక్కపెట్టండి

ఇండోనేషియా ప్రభుత్వం 1970లలో వరి రైతులకు పురుగుమందులు భారీ రాయితీతో ఇచ్చి, చేలో పురుగున్నా లేకున్నా గడువు ప్రకారం కొట్టించింది. వరి మొదళ్ల రసం పీల్చే పురుగైన సుడిదోమ తగ్గకపోగా విరుచుకుపడింది. 1976–77లో, మళ్లీ 1986లో వరిచేలు సుడులు సుడులుగా మాడిపోయాయి. 1986 నవంబరులో వరిపై 57 రకాల మందులను నిషేధించారు. 1989 కల్లా రాయితీ ఎత్తేశారు. మందుల వాడకం సగానికి పైగా పడిపోయినా ధాన్యం దిగుబడి తగ్గలేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దోమపోటు తెచ్చేదీ ఈ పురుగే.

మందు ఎందుకు ఎదురు తిరిగిందంటే, దోమ గుడ్లు ఆకు తొడుగు కండలో దాగి ఉంటాయి, వాటికి మందు తగలదు. నీటి మీద పరుగెత్తే సాలీడు, గుడ్లను పీల్చేసే మిరిడ్ నల్లి మాత్రం అదే రోజు చస్తాయి. 7–9 రోజుల్లో పొదిగిన పిల్లలకు చేలో శత్రువే ఉండదు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందులు మరీ ప్రమాదం. సుడిదోమ ఉన్న వరిలో వాటిని ముట్టుకోవద్దు.

నాటిన 30 రోజుల నుంచి వారానికోసారి చేలో ఐమూలగా నడుస్తూ 20 దుబ్బులు చూడండి. దుబ్బును వంచి మొదలు దగ్గర తట్టితే దోమలు నీళ్లలో పడతాయి. సాలీళ్లను, మిరిడ్ నల్లులను విడిగా లెక్కించండి. మిరిడ్ నల్లి ఆకుపచ్చగా, నల్ల మచ్చలతో చురుగ్గా తిరుగుతుంది. దాన్నే పురుగనుకుని మందు కొట్టేవాళ్లు చాలామంది, ఎక్కువ నష్టం అక్కడే.

సాలీళ్లు లేకపోతే పిలకకు 1 దోమ దాటినప్పుడు, దుబ్బుకో సాలీడు ఉంటే పిలకకు 2 దాటినప్పుడు మాత్రమే మందు అవసరం. ముందు నీరు తీసి మడి ఆరబెట్టండి. యూరియా 3 దఫాలుగానే వేయండి. నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలి ఉంటే గాలి, వెలుతురు మొదళ్లకు చేరతాయి, పిచికారీ కూడా తేలిక.

తప్పనిసరైతే ఎకరాకు 120 గ్రాముల పైమెట్రోజిన్ 50 శాతం మందు 200 లీటర్ల నీటిలో కలిపి, నాజిల్ దుబ్బుల మొదళ్లకు తిప్పి కొట్టండి. పైపైన ఆకులు తడిస్తే దోమకు తగలదు. పది రోజులకు మళ్లీ 20 దుబ్బులు లెక్కపెట్టండి, అప్పటికి గుడ్లు పొదిగి ఉంటాయి. అంతవరకూ రెండో పిచికారీ వద్దు.