డౌన్ పేమెంట్ కోసం మళ్ళీ అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళాలంటే ఎలా?

హైదరాబాద్‌లో నెలకి 18 వేలు అద్దె, మెయింటెనెన్స్ వేరే, ఆదివారం వస్తే బయట తిండి, ఇంక ఇల్లు కొనడానికి ముందు మనం కట్టాల్సిన డౌన్ పేమెంట్ ఎప్పటికి పోగవుద్దండీ, అందుకే వర్క్ ఫ్రమ్ హోమ్ దొరకగానే నేనూ మా ఆవిడా సామాను సర్దుకుని పాలకొల్లులో మా అమ్మానాన్నల ఇంటికి వచ్చేశాం. ఏడాదిన్నరయ్యింది.

1. ముందు లెక్క తేల్చుకోండి. 50 లక్షల ఫ్లాట్ అనుకుందాం. లోన్ 30 లక్షలు దాటితే, 75 లక్షల దాకా, రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరు, అంటే 10 లక్షలు మన చేతి డబ్బే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆంధ్రాలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, పూర్తి ధరకి రాయించుకుంటే ఇంకో 3.75 లక్షలు, దీనికి బ్యాంకు లోన్ రాదు. మొత్తం 13.75 లక్షలు, నెలకి 35 వేలు దాస్తే 40 నెలలు. ఈ 40 అనే నెంబరే ఇంట్లో చెప్పండి, "కొన్నాళ్ళుంటాం" అనకండి.

2. మీ ఆవిడని అడక్కుండా మొదలెట్టకండి. ఆవిడకిది పుట్టిల్లు కాదు.

3. అమ్మ చేతికి డబ్బులిస్తే తీసుకోదు. మొదటి నెల 8 వేలు పోపులడబ్బా పక్కన పెట్టా, "నాతో కూడా లెక్కలేట్రా" అని సాయంత్రానికి మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పెట్టేసింది. అప్పట్నించి కరెంటు బిల్లు, గ్యాస్ బండ, నెల సరుకులు ఫోన్లోంచే కట్టేస్తన్నా, అదీ బిల్లొచ్చిన రోజే, నాన్న సైకిల్ తీసేలోపు.

4. జీతం పడిన మర్నాడే 35 వేలు ఆర్‌డీకి (నెలనెలా బ్యాంకులో దాచే రికరింగ్ డిపాజిట్) ఆటోమేటిక్‌గా వెళ్ళిపోయేలా పెట్టుకోండి. మిగిలింది దాద్దాం అనుకుంటే మిగలదు. పాత ట్యాక్స్ పద్ధతిలో ఉంటే, ఇల్లు నాన్న పేరు మీదుంటే, ఆయనకి నిజంగా బ్యాంకులో అద్దె వేసి హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటద్దె అలవెన్స్) మీద పన్ను మినహాయింపు చూపించుకోవచ్చు, ఏడాదికి లక్ష దాటితే ఆయన పాన్ ఇవ్వాలి, ఆయన ఆదాయంలో ఆ అద్దె చూపించాలి. కొత్త పద్ధతిలో ఈ వెసులుబాటు లేదు.

5. ఊళ్ళో ఖర్చుండదనుకుంటే పొరపాటే. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఫోన్లో శుభాకాంక్షలు చెప్పి ఊరుకున్న పెళ్ళిళ్ళన్నిటికీ ఇప్పుడు వెళ్ళాలి, చదివింపులు రాయించాలి, సంక్రాంతికి అల్లుళ్ళొస్తారు, బరి దగ్గర బావలు రెచ్చగొడతారు. పండగకని నెలకింత విడిగా తీసిపెట్టండి. వరదల టైములో గోదాట్లో పులస పడిందని ఎవడో ఫోన్ చేస్తాడు, పుస్తెలమ్మైనా తినమన్నారు గానీ ఆర్‌డీ విరగ్గొట్టి తినమన్లేదుగా.

6. మేడ మీద గదికి ఇన్వర్టర్ పెట్టించండి, తుఫాను గాలికి కొబ్బరిమట్ట తీగల మీద పడిందంటే మీటింగ్ అయిపోయినట్టే.

ఇక వీధిలో "అబ్బాయికి ఉద్యోగం పోయిందంట కదా" అని రెండు నెలలు అడుగుతారు. నేను వివరంగా చెప్పబోయేవాణ్ణి. నాన్న మాత్రం అరుగు మీంచి లేవకుండానే, "లేదండీ, ఆళ్ళాఫీసు మా మేడ మీదే పెట్టారు, ఆయ్" అంటాడు.